లోపలి గీత

ఊపిరి ఆడుతోంది కదా, ఆక్సిజన్ మాస్కు లోపల ఆవిరి పడుతోంది, చెదురుతోంది, మళ్లీ పడుతోంది, అంటే ఆడుతున్నట్టే, డాక్టరమ్మ ఏమంది, ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీళ్లు పోయాయి, ఈ పూట గడిస్తే గానీ ఏమీ చెప్పలేను అంది, గడవాలి, చెల్లి పాదాలు ఇంకా చల్లగానే ఉన్నాయి, వేళ్ల మధ్య ఇసుక, ఎవరూ తుడవలేదు, నేనే తుడవాలి, అదీ ఒక చేత్తో, ఎందుకంటే రెండో చేతిలో ఈ సంచి ఉంది, సంచిలో దాని రెగ్యులేటర్, వీపు మీది సిలిండర్లోంచి నోటికి గాలి అందించాల్సిన వస్తువు, గాలికి బదులు సముద్రాన్ని అందించింది, ఆన్‌లైన్‌లో కొన్నదట, సొంత అక్కకి డైవింగ్ సామాన్ల షాపు ఉండగా, నాన్న రిపేరు బల్ల కింద ఆడుకుంటూ పెరిగిన పిల్ల, ముఖం తెలియని వాడి దగ్గర కొన్నది, పైగా నా కంట పడకూడదని డైవింగ్ క్లబ్బు చిరునామాకి తెప్పించుకుంది, క్లబ్బు కోచ్ తలవంచుకుని చెప్పాడు, మీరు దెప్పుతారని భయపడిందండీ అని.

దెప్పనా మరి, నీ షాపులో ధరలు ఆకాశంలో ఉంటాయక్కా, ఫోన్లో సగానికే వస్తోంది అంటే, సగానికి కొంటే సగం ఊపిరే పీల్చుకో అన్నాను, అది పకపకా నవ్వింది, కౌంటర్ వెనక మా ఆయన కూడా నవ్వాడు, ఆన్‌లైన్ వాళ్లని తిట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా, నీళ్ల అడుగు నుంచి కస్టమర్ కేర్‌కి ఫోను కలవదు మరదలా అన్నాడు, ఆ మాట గోడ మీద రాయించాలనుకున్నాం కూడా, ఇందాక ఆ మనిషే పరిగెత్తుకొచ్చాడు, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, మంచం వైపు చూశాడు, సంచి వైపు చూశాడు, సంచి మూతిలోంచి కనిపిస్తున్న రెగ్యులేటర్ వైపే ఎక్కువసేపు చూశాడు, ఎలా ఉంది అని అడగలేదు, ఇది దాని దగ్గరికెలా వచ్చింది అన్నాడు, అది ఇటివ్వు, అమ్మినవాడి మీద కేసు వేద్దాం అన్నాడు, ముందు డాక్టరమ్మతో మాట్లాడి రండి అని పంపాను, సంచి ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో నాకే తెలియదు, చెయ్యి వదల్లేదు, అంతే.

ఆయన అటు వెళ్లాక రెగ్యులేటర్ బయటికి తీశాను, మూత చేత్తో తిప్పితే వచ్చేసింది, కొత్త మూత, నోటి రబ్బరు కొత్తది, పైన నల్లరంగు కొత్తది, కానీ మూత కింద రబ్బరు పొర పాతదే, ఎవరూ కదిపినట్టు లేదు, గోటితో లేపాను, కింద ప్లాస్టిక్ గుల్లలో వెంట్రుకవాసి బీట, బయటి నుంచి జిగురు పూసి రంగు వేశారు, జిగురు వదిలిన చోటునుంచే నీళ్లు, బీట పక్కన ఒక గీత, చివర తోక తిరిగిన గీత, కాదు, గీతలు ఎవరైనా గీస్తారు, కాదు, ఇలా గీయరు, పనికిరాదని తేల్చిన దాని మీద నాన్న మేకుతో లోపలే గీసేవాడు, బయట గీస్తే తెచ్చినవాడు చిన్నబుచ్చుకుంటాడే, లోపల గీస్తే విప్పేవాడికే తెలుస్తుంది అనేవాడు, నాన్న తర్వాత ఆ మేకు నా చేతికొచ్చింది, తోక మాత్రం నాది, ఆ తోక ఇంకెవరూ పెట్టరు, అంటే నా చేత్తో చావు రాసి పక్కన పడేసిన వస్తువు నా చెల్లి నోట్లోకి వెళ్లింది.

ఎలా, గీసినవన్నీ డబ్బాలో వేస్తాను, డబ్బా పెరట్లోకి మోసుకెళ్లి సుత్తితో పగలగొట్టే పని మా ఆయనది, ఠంగు ఠంగుమని వినిపించేది, నేను లోపల పని చేసుకుంటూ ఆ చప్పుడు వింటూ నిశ్చింతగా ఉండేదాన్ని, ఏ రాయి మీద కొట్టాడు ఇన్నాళ్లూ, చేతికి గ్రీజు అంటుతుందని ఏనాడూ ఒక్క పొర లేపి చూడని మనిషి, అందుకే గీత సంగతి తెలియదు, మూత మార్చాడు, రంగు వేశాడు, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు, క్లబ్బు చిరునామా చూసి కొన్నది ఎవరో అనుకున్నాడు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నాన్న మేకు పట్టింది, నేను రోజూ తిట్టుకున్న ఆ ముఖం లేని షాపు ఎక్కడో లేదు, నా పెరట్లోనే ఉంది.

చెల్లి కళ్లు తెరిచింది, మాస్కు లోపల పెదవులు కదిలాయి, చెవి దగ్గర పెట్టాను, తిట్టకక్కా అంది, తిట్టనే తల్లీ అన్నాను, ఎవడక్కా నాకిది అంటగట్టింది, వాడెవడో కనుక్కో అంది, అప్పుడే తలుపు దగ్గర ఆయన, చెయ్యి చాచి, ఇంకా ఆ సంచేనా, ఇటివ్వు అంటూ, గొంతు ఎంత మెత్తగా ఉందో, ఖాళీ సంచి ఇచ్చేశాను, గుల్ల నా అరచేతిలో ఉంది, గీత పైకి తిప్పి పట్టుకున్నాను, ఆయన చూశాడు, ఏమీ అర్థం కాలేదు, కనుక్కున్నానే అన్నాను చెల్లితో, ఆయన ముఖం మీంచి చూపు తిప్పకుండా, మీ బావ, నీకిది అమ్మింది మీ బావ.