ఊకగుట్ట మీద మంచు

మా ఆవిడ గౌరి మంచు చూడాలని అడిగింది. పుష్యమాసంలో ఒక తెల్లవారి ఆమెను పొలం గట్టు మీదికి తీసుకెళ్లాను. అవతలి గట్టు కనపడనంత దట్టంగా మంచు పట్టింది.

"ఇదిగో, సూడు," అన్నాను.

"ఇది కాదు. టీవీలో సూపిస్తారే, పట్టుకుంటే సేతిలో నిలుస్తాది, ఆ మంచు."

"రెండూ మంచే. పేరొకటే."

ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. తరవాత ఆవుకి కుడితి పెట్టాలని ఇంటికి వచ్చేసింది. మళ్లీ నన్ను అడగలేదు. మాటలో నేనే గెలిచాననుకున్నాను.

ఆమె పోయి మూడేళ్లు. పెద్దకార్యం నాడు మా ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, ఆమె అన్న జగన్నాధం అందరూ వినేలా అన్నాడు.

"నువ్వు పంపుంటే నా సెల్లి ఆ మంచు సూసి పోయుండేది బావా."

విస్తరి ముందునుంచి లేచాను. గుమ్మంలో దొరికిన చెప్పులు వేసుకుని పొలానికి పోయాను. అప్పటినుంచి అతనితో మాటల్లేవు. ఆమదాలవలసలో అతను మేస్త్రీగా పనిచేసే రైసుమిల్లు ఉన్న వీధిలోకే పోలేదు. నా ధాన్యం వేరే మిల్లుకి తోలాను.

ఈ కార్తీకంలో అతని కూతురు సుహాసిని స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఆఫీసులో పని చేస్తుంది. అరుగు మీద కూర్చుని ఫోను నా ముందు పెట్టింది.

"మావా, నాన్న జనవరిలో మనాలీ ఎల్తన్నాడు. అరవై దాటినోళ్ల టూరు. మూడ్రోజులు స్కీయింగు నేర్పుతారట."

"అంటే ఏటి?"

"కాళ్లకి బద్దలు కట్టుకుని కొండమీంచి మంచులో జారడం."

"జారాలంటే అంత దూరమెందుకు? బాత్రూంలో జారమను."

అది నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

"తోడు లేకపోతే రానివ్వరట. నాకు సెలవు దొరకదు. పేర్లు రేపు సాయంత్రంలోగా పంపాలి. రెండో పేరు నీది రాయమన్నాడు."

"మీ ఊళ్లో మగాళ్లు లేరేటి?"

"బోల్డుమంది. నాన్న మాత్రం నీ పేరే సెప్పినాడు."

"రాయకు."

"సరే, రాయను. రేపు ఆదివారం, మిల్లు ఆగుతాది. ఊకగుట్ట మీద జారడం నేర్సుకుంటన్నాడు. ఊరికే సూడ్డానికి రా."

అతను పడడం చూడడానికి వెళ్లాను. అంతకు మించి ఏమీ లేదు.

మిల్లు వెనక ఊకగుట్ట రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. జగన్నాధం దాని నెత్తిన నిలబడి ఉన్నాడు. వెదురు బద్దలు రెండు, ముందు కొసలు నిప్పుమీద కాచి పైకి వంచినవి, సైకిలు ట్యూబుతో కాళ్లకి కట్టుకున్నాడు. చేతుల్లో కర్రలు. అంత ఎండలోనూ తలకి మఫ్లరు.

"ఒసే, మావొచ్చినాడే!" అన్నాడు కూతురితో. నా వైపు చూడలేదు.

"నువ్వు కింద సూసుకో నాన్నా, పడతావు!"

"వీడియోలో ఎనిమిదేళ్ల గుంట జారతన్నాది. నాను జారలేనేటి?"

నాలుగడుగులు జారాడు. బద్దలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ముఖం ఊకలో కూరుకుపోయింది. సుహాసిని పొట్ట పట్టుకుని నవ్వి, నీళ్లు తేవడానికి మిల్లులోకి పరుగెత్తింది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

అతను లేవలేకపోయాడు. మోకాళ్లు వంగవు. నేను గుట్ట ఎక్కి, జబ్బ పట్టుకుని కూర్చోబెట్టాను. నోట్లో ఊక ఉమ్మేసి అన్నాడు.

"బావా, ఒక మాట సెప్తాను. ఇన్నాక కొడితే కొట్టు."

నేను అతని కర్ర తీసి పక్కన పెట్టాను.

"అప్పుడెప్పుడో మా మిల్లోళ్లు బస్సు మాట్లాడుకుని మనాలీ ఎల్లినారు సూడు. గౌరి నన్నడిగింది, నేనూ వస్తానని. 'బావని నువ్వే అడుగన్నా, నేనడిగితే మళ్లీ గట్టుమీదికి తీసుకెల్తాడు' అన్నాది. సరే అన్నాను. లోడింగు పనిలో పడి మరిసిపోనాను. నిన్ను అడగనేలేదు. అది మళ్లీ అడిగితే, బావ వద్దన్నాడని సెప్పేసినాను."

"ఎప్పుడు?"

"అది పోవడానికి నాలుగేళ్ల ముందు."

నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ నా స్నానానికి నీళ్లు కాచింది. నేను పొలంనుంచి వచ్చేదాకా ముద్ద ముట్టలేదు. నేను వద్దన్నాననుకుంటూనే. ముఖం ముడుచుకున్న రోజు ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

"పెద్దకార్యం నాడు నా తప్పు నీ మీదికి తోసేసినాను బావా."

కొట్టాలనే అనిపించింది. కర్ర నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతని కనుబొమల నిండా ఊక. గౌరివీ అవే కనుబొమలు. నూర్పిళ్లప్పుడు అచ్చం ఇలాగే ధూళి పట్టేవి.

"అడగవలసింది," అన్నాను. మూడేళ్లలో అతనితో అన్న మొదటి మాట.

"అవును."

"అడిగినా వద్దనేవోణ్ణే."

అతను నా ముఖంలోకి చూశాడు. "నిజంగానేటి?"

"మంచు గట్టుమీద సూపించినాను కదా, ఇంకెందుకు అనేవోణ్ణి."

మఫ్లరుతో కళ్లు తుడుచుకున్నాడు. మఫ్లరుకీ ఊకే. ఇంకా ఎర్రబడ్డాయి.

"కంట్లో ఊక పడింది," అన్నాడు.

"పడతాది మరి."

ఎడమ కాలి ట్యూబు వదులైపోయింది. గోనెసంచి మూతి కట్టినట్టు కట్టాడు. ఇంకెలా ఉంటుంది? అతని కాళ్ల దగ్గర కూర్చుని రెండూ విప్పి మళ్లీ కట్టాను.

"గట్టిగా కట్టు బావా."

"రక్తం ఆడొద్దేటి? నోరు మూసుకో."

సుహాసిని నీళ్ల చెంబుతో వచ్చి మా ఇద్దర్నీ చూసింది. చెంబు కింద పెట్టి ఫోను తీసింది. తెలివైన పిల్ల.

"నా పేరు రాయి," అన్నాను. "సింహాచలం."

"బూట్ల సైజు కూడా కావాలట మావా."

"నాది ఎనిమిది. మీ నాన్నది తొమ్మిది."

"నాన్నది నీకెలా తెలుసు?"

జగన్నాధం తల తిప్పాడు. "నా సెప్పులు నీ దగ్గరున్నాయేటి? పెద్దకార్యం నాడు ఒట్టికాళ్లతో ఇంటికెల్లినాను బావా!"

"అటక మీదున్నాయి."

"మరి ఇస్తావేటి?"

"మనాలీనుంచి వచ్చినాక సూద్దాం."

అతన్ని క్షమించానని ఎవరూ అనుకోనక్కర్లేదు. నన్నూ క్షమించుకోలేదు. కానీ మోకాళ్లు వంగని మనిషికి అక్కడ బూట్ల తాళ్లు ఎవరో ఒకరు కట్టాలి.

లేపి నిలబెట్టాను. కర్రలు చేతికిచ్చాను.

"తోస్తావేటి బావా?" అన్నాడు, భయంగా.

వీపు మీద చెయ్యి వేసి మెల్లిగా తోశాను.