కిటికీ ఎటువైపు

విల్ఫ్ హార్బాటిల్‌కు మర్యాదగా మాట్లాడడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. కౌన్సిలు వాళ్ళు అద్దెకిచ్చే కూరగాయల మడి నాకు దక్కిన మర్నాడు, మా రెండు మడుల మధ్య గట్టు మీద నిలబడి టోపీ కూడా తీశాడు.

"ఏమ్మా ఎనిడ్, షెడ్డు వేసుకుంటావటగా?"

"వేసుకోవాలండీ. పారా బుట్టా ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

"వేసుకో, వేసుకో. నీ మడి, నీ ఇష్టం. ఒక్కటే మాట. నా వైపు కిటికీ మాత్రం పెట్టించకు."

నవ్వుతూనే అన్నాడు. "విన్నాను లెండి" అన్నాను. ఆ జవాబు ఆయనకు చాలినట్టు లేదు. నేను మడి దాటి వెళ్ళేదాకా గట్టు దిగలేదు.

మా ఊళ్ళో బొగ్గు గని ఎప్పుడో మూతపడింది గానీ లీకుల పందెం మూతపడలేదు. లీకు ఉల్లి జాతిదే. కానీ మావాళ్ళు దాన్ని పెంచేది కూరకు కాదు, కొలతకు. తెల్లటి మొదలు మనిషి ముంజేయిని మించి లావెక్కేదాకా పసిబిడ్డను సాకినట్టు సాకుతారు. సెప్టెంబరులో క్లబ్బు బల్ల మీద పెట్టి కొలుస్తారు. గెలిచినవాడు ఆ ఏడాదికి రాజు. విల్ఫ్ ఏళ్ళ తరబడి రాజు. మా తమ్ముడు నెడ్ అన్నేళ్ళూ రెండోవాడు.

రెండేళ్ళ కిందట పందెం ముందురోజు నెడ్ క్లబ్బులో గ్లాసెత్తి, "ఈసారి విల్ఫ్ లీకులు మా ఇంటి సూపులోకే" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తెల్లారేసరికి విల్ఫ్ మడిలో లీకులన్నీ ముక్కలు ముక్కలుగా కోసి పడున్నాయి. ఆ తర్వాత ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

"నువ్వే కోశావు" అని కూడా ఎవరూ అనలేదు. అన్నా బాగుండేది, కాదని పోట్లాడేవాడు. క్లబ్బులో వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడ పక్క కుర్చీ ఖాళీగా వదిలేసేవాళ్ళు, అంతే. కొన్ని శుక్రవారాలు ఆ ఖాళీ కుర్చీ పక్కనే కూర్చుని బీరు తాగి వచ్చాడు. తర్వాత వెళ్ళడం మానేశాడు. ఆ తర్వాత మడి కూడా వదిలేశాడు. మా తమ్ముడిది నోటి దురుసు, చేతి దురుసు కాదు. ఇది నాకు తెలుసు, ఊరికి తెలియదు. అదే నా కడుపుమంట.

ఈమధ్య విల్ఫ్ పక్క మడి ఖాళీ అయితే, మడి కోసం వరుసలో ఉన్నవాళ్ళు మనకెందుకొచ్చిన గొడవని ఒకరొకరే వద్దన్నారు. నా దాకా వచ్చింది, తీసుకున్నాను. చెయ్యి మట్టిలో పెడితే నెడ్ మెల్లగా మనుషుల్లోకి కూడా వస్తాడని నా ఆశ.

శనివారం షెడ్లు అమ్మే యార్డుకు వెళ్ళాం. వాడు వ్యాను దిగలేదు.

"దిగరా."

"నువ్వే చూడక్కా. డబ్బాలో చూడ్డానికేముంది?"

"విల్ఫ్ తనవైపు కిటికీ వద్దన్నాడు."

అప్పుడు తలెత్తాడు. "కిటికీ పెడితే, నెడ్ మళ్ళీ కోయడానికి అదను చూస్తున్నాడంటారు. పెట్టకపోతే, చీకట్లో కూర్చుని కత్తి నూరుతున్నాడంటారు. ఒక గొడుగు కొనుక్కో, పీడా పోతుంది."

నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మా మడులకు సరిపడే కొలతలో అక్కడ రెండే షెడ్లున్నాయి. ఒకటి కిటికీ లేనిది, చెక్క దిట్టంగా ఉంది, కప్పు మీద తారు అట్ట ముడత లేకుండా పరిచారు. రెండోదానికి పొడుగు గోడకు కిటికీ ఉంది, తలుపు కాస్త కిర్రుమంటోంది. వస్తువును చూస్తే మొదటిదే కొనాలి. గొడవ తప్పించుకోవాలన్నా మొదటిదే కొనాలి. సరే, ఇదే తీసుకుందామని లోపలికి వెళ్ళి నేల చెక్కలను కాలితో తడుతుంటే, గాలికి తలుపు మూసుకుపోయింది.

కటిక చీకటి. కొత్త చెక్క వాసన తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లో నిలబడితే నాకు ఒక ప్రశ్న పుట్టింది. దొంగలు పడ్డ ఇంటివాడు దీపం పెట్టమంటాడా, ఆర్పమంటాడా?

మా ఊళ్ళో ఎవరి లీకుకు గాటు పడినా, ఆ మర్నాటి నుంచి వాడు మడిలోనే పడుకుంటాడు. కుక్కను తెచ్చి కడతాడు. కాస్త కన్నేసి ఉంచండ్రా అని చుట్టుపక్కల వాళ్ళను బతిమాలుకుంటాడు. విల్ఫ్ కుక్కను కట్టలేదు. ఒక్క రాత్రీ మడిలో పడుకోలేదు. కన్నేసి ఉంచమనడం అటుంచి, అసలు కన్నే వద్దంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

బయటికొచ్చి యార్డు ఆవిడతో "ఆ కిటికీ ఉన్నదివ్వమ్మా" అన్నాను.

"మంచిది. కిటికీ గోడ ఎటైనా బిగించొచ్చు. కుడికా, ఎడమకా?"

ఎడమ వైపు విల్ఫ్ మడి. "ఎడమకు" అన్నాను.

బేరం వ్యానులోకి వినపడిందేమో, ఎక్కగానే నెడ్ అడిగాడు. "కావాలనే చేశావా?"

"కావాలనే చేశాను."

"నా బతుకు ఇంకాస్త బజారుకెక్కిద్దామనా?"

నేను ఇంజను స్టార్టు చేశాను. నా చేతిలో ఉన్నది అనుమానం ఒక్కటే. అది చెప్పి వాడికి ఆశపెట్టి, రేపు తప్పని తేలితే నేనే వాణ్ణి చంపినట్టవుతుంది.

షెడ్డు బిగిస్తున్నంతసేపూ విల్ఫ్ రాలేదు. అద్దం పెట్టాక వచ్చాడు.

"నేనేం చెప్పాను నీకు?"

"చెప్పారు, విన్నాను. విన్నానన్నాను గానీ ఒప్పుకున్నానన్లేదు."

"నా ఖర్చుతో దానికి చెక్క కొట్టిస్తా. పోనీ నల్లరంగు పూస్తా."

"ఎండ రావద్దూ? మొలకలు పెట్టుకోవాలండీ."

"కమిటీకి చెప్తా."

"చెప్పండి. మడికీ మడికీ మధ్య మోకాలు మించి కంచె కట్టకూడదని రూలుంది. పక్కవాళ్ళు కళ్ళు మూసుకోవాలని ఎక్కడా లేదు."

ఆయన విసురుగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నెడ్ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం టీ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. స్టూలు లాక్కుని కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అలాగే, వీపు పెట్టే. విల్ఫ్ లీకుల వైపు చూశాడని ఎవరూ అనకూడదు కదా. ఆ వీపు చూసినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. నేను అనుకున్నది నిజం కాకపోతే? నిజమే అయి, నా కన్నుగప్పి విల్ఫ్ మళ్ళీ కత్తి దూస్తే? ఈసారి ఆ లీకులకు ఏమైనా అయిందంటే నేను కొన్న కిటికీయే మా తమ్ముడి మెడకు ఉరి.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున కిటికీలోంచి చూశాను. విల్ఫ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక లీకు మొదలు దగ్గర మట్టి తొలిచాడు. వేలితో నొక్కాడు. ఆ వేలు వాసన చూశాడు. తర్వాత మట్టి కప్పేసి, చేతులు తుడుచుకోకుండా చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

పందెం రేపనగా, శుక్రవారం మధ్యాహ్నం, నా షెడ్డు తలుపు తట్టాడు. ఆ కోత జరిగిన నాటి నుంచీ, లీకులు పెంచేవాళ్ళంతా పందెం ముందు రాత్రి మడుల్లోనే కాపలా పడుకుంటున్నారు. నేనూ దుప్పటి తెచ్చుకున్నాను.

"ఇక్కడే పడుకుంటావామ్మా ఈ రాత్రి?"

"పడుకుంటానండీ. నావీ నాలుగు లీకులున్నాయిగా."

టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఒక్క మాట. ఈ ఒక్క రాత్రికీ ఆ కిటికీకి పరదా కట్టు తల్లీ."

ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ మాటకే. తీరా వచ్చాక భయమేసింది.

"మళ్ళీ కుళ్ళాయా?" అన్నాను.

ఏంటీ అనలేదు. ఏ లీకులు అనలేదు. బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"అనుమానం మీరు కిటికీ వద్దన్నప్పటి నుంచి. కుళ్ళు సంగతి మీరు వేలు వాసన చూసిన పొద్దుటి నుంచి."

"పైకి నవనవలాడతాయమ్మా. అడుగున మెత్తబడిపోతాయి. ఆ ఏడూ అంతే. అన్నేళ్ళు గెలిచిన మొహం పెట్టుకుని, కుళ్ళిందాన్ని తీసుకుని బల్ల దగ్గరికి ఎట్లా పోను? కోసేస్తే అయ్యో పాపం అంటారనుకున్నా. నెడ్ పేరు నేనెత్తలేదు. ఒట్టు, ఒక్కసారి ఎత్తలేదు."

"ఎత్తలేదు. కాదనీ అనలేదు. ఆ ఖాళీ కుర్చీ చూస్తూ చూస్తూ నీ గ్లాసు నువ్వు తాగావు. ఈ రాత్రి కోస్తే అది ఎవరి నెత్తి మీదికొస్తుందో తెలిసే పరదా అడుగుతున్నావు! సిగ్గుందా నీకు?"

తలుపు కిర్రుమంది. నెడ్. చేతిలో నా కోసం తెచ్చిన టీ ఫ్లాస్కు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎప్పుడొచ్చాడో, నీళ్ళ పీపా పక్కన నిలబడి అంతా విన్నాడు. నా చేతిలో పార ఉంది, వాడి చేతిలో వేడి టీ ఉంది. ఎవరం ముందు కొడతామో అనుకున్నాను.

"కత్తేది?" అన్నాడు నెడ్.

విల్ఫ్ కోటు జేబులోంచి తీసి ఇచ్చాడు. నెడ్ దాన్ని విప్పి చూసి, మడిచాడు. ఈ రెండు నెలల్లో మొదటిసారి కిటికీ వైపు తిరిగి, దాని కింది చెక్క మీద పెట్టాడు.

"లే. తవ్వుదాం పద. రేపు బల్ల మీద పెడుతున్నావు."

"కుళ్ళినవా?"

"కుళ్ళినవే. నువ్వు పెట్టకపోతే నేను పెడతా."

ఇద్దరూ ఒకే గొయ్యి దగ్గర వంగి తవ్వారు. ఆ కంపు నా షెడ్డు దాకా వచ్చింది. నేను సాయానికి వెళ్ళలేదు.

మర్నాడు క్లబ్బు హాలు నిండిపోయింది. తళతళలాడే లీకుల వరుసలో విల్ఫ్ తనవి తెచ్చి, కుళ్ళిన అడుగులు జనం వైపు తిప్పి పెట్టాడు. టేపు పట్టుకుని వచ్చిన కొలతల మనిషి ఆగిపోయాడు.

"ఈసారి కుళ్ళాయి" అన్నాడు విల్ఫ్. ఆగి, జనం వైపు తిరిగాడు. "ఆ ఏడూ ఇలాగే కుళ్ళాయి. కోసింది నెడ్ కాదు. నేనే కోశాను."

ఎవరో దగ్గారు. విల్ఫ్ వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడున్న వాళ్ళు ఒకరి వెనక ఒకరు గ్లాసులు పట్టుకుని లేచిపోయారు. కుర్చీలు ఖాళీ చేయడం మా ఊరికి వెన్నతో పెట్టిన విద్య. లేచినవాళ్ళే నెడ్ దగ్గరికొచ్చి భుజం తట్టారు. "ఇటు రారా, ఇక్కడ కూర్చో" అని ఒకడు చోటు చూపించాడు, ఇంకొకడు బీరు తెచ్చి చేతిలో పెట్టాడు. నాకు ఏడుపాగలేదు. ఆ మాట కోసమే కదా నేను మడి తీసుకున్నదీ, కిటికీ కొన్నదీ.

నెడ్ ఆ గ్లాసు తీసుకున్నాడు. తీసుకుని హాలు దాటి, విల్ఫ్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ లాగాడు.

"జరుగు" అన్నాడు.

నేనైతే కూర్చునేదాన్ని కాదు. కానీ అన్ని శుక్రవారాలు ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నది నేను కాదుగా.