పక్కన పెట్టిన కవరు

కవరు వెనక్కి తిప్పి, సంతకం ఉండాల్సిన గీత మీద వేలు పెట్టి చూసి, తెల్ల ట్రేలో వేసింది లూసీ. ఇంకొకటి తీసింది. తిప్పింది, చూసింది, వేసింది. ఎనిమిదింటికి కూర్చుంటే ఇప్పటికి నాలుగు కట్టలయ్యాయి. నడుం వెనక చిన్న దిండు పెట్టుకుంది. పాదాలు నేలకు అందవు కాబట్టి కుర్చీ ముందు ఒక అట్టపెట్టె బోర్లించి దాని మీద ఆనించుకుంది.

ఎన్నికలు మంగళవారమే అయిపోయాయి. గురువారం వచ్చినా, ఆలోపు పోస్టు చేసిన ఓట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. సంతకం ఉన్న కవర్లు తెల్ల ట్రేలోకి, లేనివి నీలం ట్రేలోకి. నీలం ట్రేలో వాటికి కౌంటీ ఎన్నికల ఆఫీసువాళ్లు ఫోన్లు చేస్తారు. ఓటరు సోమవారంలోగా వచ్చి సంతకం పెట్టిపోతే ఆ ఓటూ లెక్కలోకి వస్తుంది. అద్దాల గోడ అవతల వరండాలో నిలబడి ఎవరైనా ఈ పని చూడవచ్చు. మొన్నటినుంచి అక్కడ జనం పెరిగారు. దొంగ ఎప్పుడు దొరుకుతాడా అన్నట్టు చూస్తున్నారు. లూసీ అటు తిరగదు.

ఆమెకు అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి. కుడిచేతి మెటికల నుంచి మణికట్టు దాకా తెల్లమచ్చలు, పాలు ఒలికితే తుడవకుండా వదిలేసినట్టు. చిన్నప్పుడు పాలకొల్లు బళ్లో ఆ చెయ్యి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఓణీలు వేసుకునే వయసుకి దాన్ని కొంగులో దాచుకోవడం అలవాటైంది. అమెరికా వచ్చాక భర్త దైవాశీర్వాదం డల్లెస్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనిలో చేరితే, తాను ఒక వృద్ధాశ్రమంలో పద్దెనిమిదేళ్లు చేసింది. ముసలివాళ్లను లేపడం, కడగడం, పక్కబట్టలు మార్చడం. అక్కడ ఆమె మచ్చలు ఎవరికీ పట్టలేదు. చెయ్యి వెచ్చగా ఉందా లేదా, అంతే చూసుకున్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే ఉండలేక ప్రతి ఎన్నికలకూ ఈ పనికి వస్తోంది.

పదిన్నరకు లావుపాటి కవరు ఒకటి చేతికొచ్చింది. ఓటు కాదు. ఆఫీసు పేరుకు వచ్చిన ఉత్తరం, ఎలాగో కట్టలో కలిసిపోయింది. అంటించిన చోట ఊడి ఉంది. పట్టుకోగానే కంపు. లోపల ప్లాస్టిక్ సంచిలో మలం, పైన ‘మీ లెక్కలు ఇవే’ అని చీటీ. పక్క కుర్చీలో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. సూపర్‌వైజర్ డెనీస్ వచ్చి, ఇక ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, పోలీసులకు ఫోన్ చేసింది.

లూసీ వెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది. మలం ఆమెకు కొత్త కాదు. అది ఒంట్లోంచి వచ్చేదే, ఎంత గొప్పవాడికైనా తప్పనిదే. కానీ దాన్ని సంచిలో కట్టి, నాలికతో తడిపి కవరు అంటించి, సరిపడా స్టాంపులు వేసి, డబ్బాలో పడేసి ఇంటికి పోయిన ఆ మనిషి నింపాదిని తలుచుకుని ఇంకోసారి సబ్బు రాసుకుంది.

మధ్యాహ్నం లాకర్లోంచి ఫోన్ తీసి, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, రెండు రోజులుగా చూడని చర్చి గ్రూపు తెరిచింది. సంఘ పెద్ద నతానియేల్ నిన్న సాయంత్రం ఒక వీడియో పెట్టాడు. పదకొండు సెకన్లది. అద్దాల గోడ అవతల నుంచి తీసింది. ఒక చెయ్యి కవరు ఎత్తి, తిప్పి, నీలం ట్రేలో వేస్తుంది. కవరు మూల మీద కాఫీ మరక. చేతి చుట్టూ ఎర్రగీత గీసి ఉంది. ఓట్లు ఎలా పారేస్తున్నారో చూడండని పైన ఇంగ్లీషులో రాసి ఉంది. ముఖం లేదు. మచ్చలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి.

కింద నతానియేల్ రాశాడు: ‘దొంగతనము చేయు ఈ చేతిని దేవుడు ఎండగొట్టును గాక.’

దాని కింద ఇరవై మూడు ఆమెన్‌లు. మూడోది పాస్టరుగారి భార్య ప్రిస్సిల్లది.

లూసీ ఒక్కో పేరే చదివింది. ఈ అమ్మాయి పురుటికి పదకొండు రోజులు పథ్యం వండింది. ఈయన ఆపరేషనుకి ఆసుపత్రిలో తోడుంది. నతానియేల్ తల్లి మంచాన పడ్డ నాలుగు నెలలూ రోజూ సాయంత్రం వెళ్లి ఒళ్లు తుడిచి బట్టలు మార్చింది. తెలియక రాశారు, ముఖం లేదు కదా, అనుకుంది. అలా అనుకున్నాక రెండు ముద్దలు దిగాయి. మూడోది దిగలేదు.

మూడింటికి ఆ కాఫీ మరక కవరు మనిషే వచ్చాడు. డెనీస్ ఫోన్ చేసి పిలిచిందట. ఎర్రటి ముఖం, మోకాలు నొప్పేమో, బల్ల పట్టుకుని నిలబడ్డాడు. సంతకం పెడుతున్నంతసేపూ దొంగలని తిడుతూనే ఉన్నాడు. పెన్ను విసిరేసి, తన ఓటు లెక్కపెడతారా లేదా అని అడిగాడు. పెడతామంది డెనీస్. లూసీ ఆ కవరు అందుకుని తెల్ల ట్రేలో వేసింది. అతను ఆమె చెయ్యి చూశాడు. తర్వాత ముఖం చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, మెడలో కార్డు మీది పేరు కూడా పడేలా ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

రేపు ఇంట్లోనే ఉండమని డెనీస్ మెల్లిగా చెప్పింది. రేపటితో పోస్టులో ఓట్లు తీసుకోవడం అయిపోతుంది కదా, వస్తానంది లూసీ.

హెర్న్‌డన్‌లో ఒక పిజ్జా కొట్టు పక్కన హాలు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు వాళ్ల తెలుగు చర్చిని. గురువారం ఏడింటికి ప్రార్థన కూడిక. లూసీ ఆరింటికే వెళ్లి, నెలకోసారి ప్రభు బల్లకు ద్రాక్షరసం పోసే చిన్న గాజు గ్లాసులు వంటగది సింకులో సబ్బునీళ్లలో వేసి కడుగుతోంది. నతానియేల్ మంచినీళ్ల కోసం వచ్చాడు.

“ఏంటక్కా, ఎర్లీగా వచ్చేశావ్?”

“గ్రూపులో నువ్వు పెట్టిన వీడియో చూశాను.”

అతను నీళ్ల సీసా మూత తిప్పాడు.

“అది నా చెయ్యి నతానియేల్. కవరు పారెయ్యలేదు, సంతకం లేదని పక్కన పెట్టాను. ఆయన ఇవాళ వచ్చి సంతకం పెట్టాడు, ఓటు లెక్కలోకి వెళ్లింది. మీకు తెలీదు కదాని చెప్తున్నా. గ్రూపులో ఒక్క ముక్క రాసెయ్యి.”

హాల్లో కుర్చీలు సర్దుతున్న ప్రిస్సిల్ల వచ్చి గుమ్మంలో ఆగింది. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“తెలుసక్కా,” అన్నాడు నతానియేల్.

“ఎప్పట్నించి?”

“పోస్ట్ చేసే ముందే. ఇది లూసీ అక్క చెయ్యిలా ఉందని ప్రిస్సిల్ల అమ్మగారే గుర్తుపట్టారు. అందుకే నీ పేరు ఎక్కడా రాకుండా చూశాం.”

లూసీ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కుళాయి నీళ్లు దాని మీద పడి పొంగిపోతున్నాయి.

“నా చెయ్యే అని తెలిసే ఎండిపోవాలని రాశావా?”

“పర్సనల్‌గా తీసుకోకక్కా. అది నీ గురించి కాదు, సిస్టమ్ గురించి. ఆల్రెడీ వైరల్ అయిపోయింది, నేను షేర్ చెయ్యకపోతే ఆగుద్దా?”

“మీ అమ్మ ఈ చెయ్యి పట్టుకునే పోయింది నాయనా.”

ప్రిస్సిల్ల దగ్గరికొచ్చి లూసీ భుజం మీద చెయ్యి వేసింది.

“ఇప్పుడు సారీ అని పెడితే సంఘం రెండుగా చీలుద్దక్కా. పాస్టరుగారు కూడా సైలెంట్‌గా ఉండమన్నారు. మీరు ఆ జాబ్ మానేస్తే అంతా సెట్ అయిపోద్ది. ప్రేయర్ చేద్దాం. ఆదివారం బిర్యానీ మీరే కదా?”

భుజం మీద ఆ చెయ్యి మెత్తగా, పొడిగా, సువాసనగా ఉంది. పొద్దున కవరు పట్టుకున్నప్పటికంటే ఎక్కువగా ఒళ్లు జలదరించింది లూసీకి. చేతిలో గ్లాసు సింకులో దించి, కుళాయి కట్టేసి, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుంది. ఆ చేతి కింది నుంచి పక్కకు జరిగి కోటు తొడుక్కుంది.

“ప్రేయర్ అయ్యాక వెళ్దువుగానీ అక్కా,” అన్నాడు నతానియేల్.

ఆమె తలుపు వైపు నడిచింది. గుమ్మంలో ఎదురైన వాళ్లు “ప్రైజ్ ది లార్డ్ ఆంటీ” అన్నారు. వాళ్లకు దారి ఇచ్చి, పార్కింగులోకి నడిచి, కారు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఎనిమిదింటికల్లా ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ హాలుకు మాత్రం మళ్లీ వెళ్లలేదు.

ఆ గురువారం సాయంత్రం ఆమె వెళ్లిపోయాక కూడిక మొదలై పాట అందుకున్నారు. వంటగది సింకులో నురగ ఒక్కో బుడగే చితికిపోతుంటే, కడగని చిన్న గాజు గ్లాసులు, కిందటి నెల ద్రాక్షరసం అడుగున ఎండిపోయినవి, ఒకదాని మీద ఒకటిగా బయటపడ్డాయి.