కారు కింద తవుడు పళ్ళెం

మా సందులో మిసావో వాకిలంత శుభ్రమైన వాకిలి మరొకటి లేదు. సిమెంటు వేయించి చాలా ఏళ్ళయినా నిన్ననే పోసినట్టుండేది. బడి వంటశాలలో పిల్లలకు వండి రిటైరైన మనిషి. ముల్లంగి తొక్క ఒక్కటి నేలమీద కనిపించినా ఊరుకునేది కాదు. తల్లి పోయాక ఒంటరిగా ఉంటూ, ఆదివారం పొద్దున్నే బ్రష్షు పట్టుకుని ఆ వాకిలి రుద్దుతూ ఉండేది. ఎదురిల్లు మాదే కాబట్టి ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

అలాంటి మిసావో అరవై దగ్గర పడ్డాక పెళ్ళి చేసుకుంది. పెళ్ళికొడుకు తోకుజి పియానోలు శ్రుతి చేసే మనిషి. మొదటి భార్య పోయి చాలాకాలమైంది. జపాను సముద్రతీరాన మా హిమీ ఊరి చుట్టుపక్కల బడులన్నిటికీ పాత తెల్లకారులో పనిముట్లు వేసుకుని తిరిగేవాడు. మిసావో పనిచేసే బడికీ ఏటా వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా భోజనం అక్కడే. సోయా ముద్దతో కాచే మిసో పులుసు ఎవరు కాచారని అడగడంతో మొదలైన మాటలు చివరికి పెళ్ళి దాకా వచ్చాయి. ఇద్దరూ మహా మర్యాదస్తులు. పెళ్ళయ్యాక కూడా ఒకరినొకరు ‘గారూ’ అని పిలుచుకుంటుంటే మాకు నవ్వొచ్చేది.

ఆయన రెండు పెట్టెలతో, ఆ కారుతో వచ్చాడు. మర్నాడు కారు తీయగానే వాకిలి మధ్యలో అరచేయంత నల్లటి నూనె మరక. మిసావో నీళ్ళు తెచ్చింది. సబ్బుపొడి చల్లి రుద్దింది. ఆయన సాయంత్రం వచ్చి ఆ తడి చూసి సిగ్గుపడిపోయాడట. మెకానిక్‌కు చూపిస్తే, ఇంజను అడుగున రబ్బరు అరిగిపోయిందనీ, ఇంత పాత కారుకు అది దొరకాలంటే వెతకాలనీ, అందాకా లోపల నూనె చూసుకుంటూ నడపమనీ చెప్పాడు.

ఆ రాత్రి తోకుజి కారు కింద పాత పేపర్లు పరిచాడు. సముద్రపు గాలికి అవి లేచిపోయి, నూనె కారుతున్న పేపరొకటి మా గేటుకు అతుక్కుంది. ఆయనే వచ్చి వంగి వంగి క్షమాపణ చెప్పి గేటంతా తుడిచి వెళ్ళాడు. తర్వాత అట్టపెట్టె విప్పి పరిచాడు. వాన పడి అట్ట గుజ్జయింది. మరక మరింత పాకింది. మూడో ప్రయత్నం సంగతి మిసావోకు వంట చేస్తుంటే తెలిసింది. చేపలకు పిండి అద్దే వెడల్పాటి పళ్ళెం కోసం వంటిల్లంతా వెతికి, అనుమానం వచ్చి వాకిట్లోకి వెళ్ళి వంగి చూస్తే అది కారు కింద ఉంది.

“తోకుజి గారూ, ఇందులో చేపలు వేయిస్తామండీ,” అందిట.

“కడిగేస్తానండీ.”

“కడిగినా నేను తినను. మీకూ పెట్టను.”

కానీ ఆమెకు కోపం కంటే పట్టుదల ఎక్కువైంది. ఇన్నేళ్ళు నూనెతోనే బతికిన మనిషి కదా. పళ్ళెం ఎలాగూ పాడైంది కాబట్టి దాన్ని కారుకే వదిలేసింది. బియ్యం మర దగ్గర ఊరికే దొరికే తవుడు సంచీనిండా తెచ్చి, పళ్ళెంలో మందంగా పరిచింది. తవుడు నూనెను చక్కగా పీల్చేసేది. ముద్దయిన చోట గరిటెతో తీసి చెత్తలో వేసి, పైన కొత్త తవుడు చల్లేది. ఒకటే చిక్కు. తోకుజి కారును ఏ రోజూ సరిగ్గా పళ్ళెం మీదికి తెచ్చేవాడు కాదు.

“పియానో తీగను వెంట్రుకవాసిలో సరిచేస్తారు. కారు మాత్రం జానెడు పక్కన పెడతారు,” అని ఆమె దెప్పేది. ఆయన నవ్వేవాడు. మర్నాడూ జానెడు పక్కనే పెట్టేవాడు. ఆమె మళ్ళీ బ్రష్షు తీసేది.

చలి ముదిరింది. కొత్త సంవత్సరం దాటాక ఒక వారం కారు ఇంటికి రాలేదు. రబ్బరు దొరికిందనీ, కారు మెకానిక్ దగ్గరే ఉందనీ తోకుజి చెప్పాడు. రోజూ సాయంత్రం నడిచి వచ్చేవాడు, బూట్లు తడిసి ముద్దయి. ఒకరోజు చేపల కోసం రేవుకు వెళ్ళిన నేను, గోదాముల వెనక ఖాళీ జాగాలో ఆ తెల్లకారు చూశాను. మనసులో దాచుకోలేక మిసావోకు చెప్పేశాను. ఆమె చేస్తున్న పని ఆపి, గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరింది.

వెళ్ళేసరికి తోకుజి మోకాళ్ళ మీద కూర్చుని, ఖాళీ పాలడబ్బాల్లో నలిపిన పేపర్లు కుక్కి, వాటిని కారు కింద వరసగా పేరుస్తున్నాడట. మంచు కలిసిన వాన పడుతోంది.

“మెకానిక్ దగ్గరుందన్నారు,” అంది మిసావో.

ఆయన లేచి నిలబడ్డాడు. “చెబుదామనే అనుకున్నానండీ.”

“ఎప్పుడు? జ్వరమొచ్చి పడుకున్నాకా?”

ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టాడు. తర్వాత, “మీ చేతులు చూశాను,” అన్నాడు. “చన్నీళ్ళలో రుద్ది రుద్ది వేళ్ళన్నీ పగిలిపోయాయి. పడుకోబోయే ముందు అటు తిరిగి మందు రాసుకుంటున్నారు, నేను చూడకూడదని. కారు ఇక్కడుంటే అవి మానతాయి కదా అనుకున్నాను.”

మిసావో వంగి పాలడబ్బాలు చూసిందట. అవన్నీ తను కడిగి ఆరబెట్టి పారేసిన డబ్బాలే.

“వాకిలి నాది. రుద్దాలనిపిస్తే రుద్దుతాను, లేకపోతే మానేస్తాను,” అంది చివరికి. “నువ్వు మాత్రం ఇలా తడిసొచ్చి నాతో అబద్ధాలాడకు. కారెక్కు, ఇంటికెళదాం.”

‘నువ్వు’ అన్నట్టు ఆమెకు ఇంటికి చేరేదాకా తెలియలేదు. ఆయనకు మాత్రం వెంటనే తెలిసింది. దారంతా నవ్వుకుంటూ నడిపాడట.

ఆ సాయంత్రమే ఆమె ఊరగాయ తొట్టి మీద బరువుగా పెట్టే రాయి తెచ్చి, చక్రం ఎక్కడ ఆగాలో అక్కడ పెట్టింది. అప్పట్నించి కారు రాయికి తగిలి ఆగేది, పళ్ళెం సరిగ్గా ఇంజను కింద ఉండేది. పాత మరకను ఆమె వదిలేసింది. ఆదివారం పొద్దున బ్రష్షు చప్పుడు లేక మాకు నిద్ర పట్టసాగింది.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక పొద్దున ఆమె నన్ను గట్టిగా పిలిచింది. వెళితే పళ్ళెం చూపించింది. నిన్న పరిచిన తవుడు నిన్నటిలాగే పొడిగా ఉంది, ఒక్క చుక్క లేదు. తోకుజి పనిముట్ల పెట్టెతో బయటికి వచ్చాడు. బడుల్లో వీడ్కోలు సభల రోజులు దగ్గరపడ్డాయి. ఆ రోజు కొండమీది బడిలో పియానో చూడాలి. ఆయన కూడా వంగి చూసి, దానంతటదే సర్దుకుందేమో అని సంబరపడి కారెక్కాడు.

మిసావో ఇంకా పళ్ళెం వైపే చూస్తోంది.

“ఆగు,” అంది. “మూకుట్లో ఉంటేనే కదా చిందేది. అసలు లోపల నూనె ఉందా?”

తోకుజి దిగి ఇంజను మూత ఎత్తి, నూనె కొలిచే పుల్ల లాగాడు. తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. పుల్ల పొడిగా వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది. ఇదివరకు మరక ఎంత ఉందో చూసి లోపల నూనె పోసేవాడట. తవుడు వచ్చాక ఎంత కారిందో కనిపించక, పుల్ల తీసి చూడటమే మరిచాడు. అలాగే కొండ ఎక్కి ఉంటే ఇంజను పట్టేసి, ఆ మంచుదారిలో ఏమయ్యేదో.

మా ఆయన మినీట్రక్కు కోసం ఉంచిన నూనె డబ్బా నేను తెచ్చి ఇచ్చాను. పోశాక తోకుజి పుల్ల మళ్ళీ తీసి చూశాడు. మిసావో లోపలికి వెళ్ళి, అన్నం ముద్దలు మూటకట్టుకుని, కోటు వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. “నేనూ వస్తాను,” అంది. ఆయన వద్దనలేదు.

తర్వాతి నెలలో రబ్బరు నిజంగానే దొరికింది, మెకానిక్ మార్చాడు. ఇప్పుడు ఎప్పుడైనా ఒకటో రెండో చుక్కలు. కానీ మిసావో నాకు ఇష్టంగా చెప్పేది ఆ కొండమీది బడి సంగతే.

పెద్ద హాలు, హీటరు వేయలేదు. పిల్లలంతా తరగతుల్లో ఉన్నారు. ఆమె మడత కుర్చీలో కూర్చుంది. ఆయన పియానో తెరిచి, ఒకే మెట్టు నొక్కుతూ, చెవి ఒగ్గి వింటూ, తీగను బిగించే మర తిప్పుతూ, మళ్ళీ అదే మెట్టు నొక్కుతున్నాడు. అన్నేళ్ళు ఏటా తన బడికి వచ్చినా ఆయన పని ఆమె ఎన్నడూ వినలేదట. వంటశాలలో ఫ్యాన్ల హోరు, గిన్నెల మోత. ఏం వినిపిస్తుంది?

కాసేపటికి తోకుజి వెనక్కి తిరిగి, “విసుగొస్తోందా?” అని అడిగాడు.

“లేదు,” అంది. “ఇందాకటిది మళ్ళీ నొక్కు.”

ఆయన నొక్కాడు. ఆ స్వరం హాలంతా నిండి, నెమ్మదిగా అణిగేదాకా ఇద్దరూ కదల్లేదట.