తాళం తీశాక

పుష్యమాసపు మంచులో దత్తాత్రేయ లారీ మొండికేసేది. సెల్ఫు కొడితే తెల్లపొగ కక్కి, ఒణికి, చచ్చిపోయేది. గజపతినగరం మెకానిక్కు అప్పలసూరి బ్యాటరీ చూశాడు, డీజిలు లైన్లో గాలి తీశాడు, చివరికి పెదవి విరిచాడు.

"పిస్టను రింగులు అరిగిపోనాయి బాబూ. సలికి దమ్ము పుట్టట్లేదు. డీజిలు పంపు సెట్టింగు పెంచితే లాగుడు పెరుగుతాది గానీ పొద్దున్న లేవదు. ఇంజను ఇప్పాల."

"ఇప్పుడా? లోడ్ల కాలంలోనా?"

"అయితే గాలి గొట్టంలో కూసింత ఇంజనాయిలు పొయ్యి, లేస్తాది. ఒకట్రెండు సార్లే. అలవాటు సెయ్యకు."

దత్తాత్రేయ అలవాటు చేశాడు. రోజూ తెల్లారగట్ల మూతెడు పోసేవాడు. గుటకేసినట్టు లేచేది. తర్వాత మూత చాల్లేదు, గ్లాసుడైంది.

తండ్రి గుళ్లో సన్నాయి వాయించేవాడు. ఆ చెవే ఇతనికీ వచ్చింది. అందుకే ఇంకెవరూ వినంది విన్నాడు: తాళం తీశాక ఇంజను వెంటనే ఆగట్లేదు. మొదట్లో ఊపిరంతసేపు. ఆమీదట ఇంకాస్త. ఇది ఆయిలు రుచి మరిగిందని ఒకనాడు తోచింది. లేస్తోంది కదా అని ఇంట్లో కూడా చెప్పలేదు.

సాలూరు ఘాటు రోడ్డు మీదుగా కొరాపుట్టుకు బియ్యం లోడు తగిలిన రోజు అతనికి జ్వరం. భార్య హైమవతి తమ్ముడు భరణి తాను వెళ్తానన్నాడు. అతనికదే మొదటి ఘాటు.

"నువ్వు ముసుగెట్టి పడుకో బావా. ఎక్కి దిగడం నాకు రాదేటి?"

"దిగడానికేటిరా," అంది హైమవతి. "రోడ్డు మీద దిగు, లోయలోకి కాదు."

దత్తాత్రేయ దుప్పటి కప్పుకునే వచ్చి, క్యాబిను వెనక గాలి గొట్టంలో ఆయిలు పోశాడు. భరణి పైకెక్కి సెల్ఫు కొట్టాడు. లేచింది.

"ఓసారి ఆపరా, టైర్లు సూసుకుందుము," అన్నాడు దత్తాత్రేయ.

భరణి తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. కాసేపు గునిసి, పైకెత్తుకుంది. ఎవరో మెట్టు మెట్టుగా స్వరం పెంచుతున్నట్టే ఉంది.

"కాలు తియ్యరా!"

"తీసేసాను బావా! తాళం నా సేతిలో ఉన్నాది, సూడు!"

కిటికీలోంచి చెయ్యి చాపి ఊపాడు. తెల్లపొగలో ఆ చెయ్యొక్కటే కనిపించింది. తర్వాత అదీ లేదు.

"దూకీరా ఒరే!" హైమవతి కేక పెట్టింది.

దత్తాత్రేయ దుప్పటి ఉండచుట్టి, గాలి అందకుండా గొట్టం నోట్లో కుక్కాడు. లోపల్నుంచి పట్టి లాగినట్టు దుప్పటి జానెడు లోనికి పోయింది. మోచేతులతో అదిమి, ఒళ్లంతా దానిమీద వాల్చాడు. అరుపు తగ్గింది, దగ్గింది, ఆగింది.

పొగలోంచి భరణి దగ్గుతూ వచ్చాడు.

"ఏటైపోనాది దీనికి? పోన్లే, ఆగింది కదా. ఎండ పడ్డాక బయల్దేరిపోనా బావా?"

దత్తాత్రేయ అతని చేతిలోంచి తాళం తీసుకున్నాడు.

"నేనే తాగించాన్రా. రోజూ. ఆపితే ఆగట్లేదని తెలిసీ నీకు సెప్పలేదు. ఘాటు దిగుతుంటే గానీ ఇలాగైతే..." తాళం జేబులో వేసుకున్నాడు. "లోడు ఇంకెవరికైనా ఇచ్చీ. ఇంజను ఇప్పిస్తాను."

హైమవతి మొగుడి మొహం చూసింది. తమ్ముడి రెక్క గట్టిగా పట్టుకుంది.

చల్లారుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటోంది. లారీ ముందు నుంచి వెళితే గుమ్మం నాలుగడుగులే. ముగ్గురూ వెనక నుంచి, గోడవారగా చుట్టు తిరిగి ఇంట్లోకి వెళ్లారు.