రెండు పాయల తీగ

గున్‌వోర్‌కి ఆ కార్డు కనిపిస్తేనే ఒళ్ళు మండేది. తరచూ తమ విమానాలెక్కేవాళ్ళకి విమానాల కంపెనీ ఇచ్చే బంగారు రంగు ప్లాస్టిక్ ముక్క. దాన్ని ఆమె మొగుడు టోర్‌గైర్ పర్సులో పై అరలో, ఎవరైనా పెళ్ళాం ఫోటో పెట్టుకునే చోట పెట్టుకుని తిరిగేవాడు. సముద్రంలో చమురు తోడేవాళ్ళకి పంపులు అమ్మడం అతని ఉద్యోగం. స్టవాంగర్‌లో ఇల్లుందన్న మాటే గానీ మనిషి ఉండేది గాల్లోనే. శుక్రవారం ఇంటికొచ్చి అన్నం బల్ల ముందు కూర్చుంటే అవే కబుర్లు: ఏ లాంజ్‌లో సూప్ చల్లారిపోయింది, ఏ ఊళ్ళో ఎవడు వరస తప్పించి ముందుకి దూరాడు, తనెలా వాడి నోరు మూయించాడు. పిల్లలెలా ఉన్నారని అడగడానికి అతనికి కాఫీ దాకా తీరిక దొరికేది కాదు.

పోయిన నవంబరులో మరీ బరితెగించాడు. కార్డు నిలబడాలంటే విమానమెక్కితే వచ్చే పాయింట్లు చాలడం లేదట. శనివారం పొద్దున్నే లేచి కోపెన్‌హాగెన్ వెళ్ళి, అక్కడ విమానాశ్రయం గుమ్మం కూడా దాటకుండా, ఒక సాసేజీ తిని, వచ్చిన విమానంలోనే తిరిగొచ్చాడు. ఆ రోజు గున్‌వోర్ పుట్టినరోజు. "నీకోసం చాక్లెట్ తెచ్చానుగా!" అన్నాడు. అది విమానంలో ఉచితంగా పంచే చాక్లెట్. ఛీ, అదీ ఒక బతుకేనా!

అప్పుడే ఎక్కడో ఉత్తరాన ఉన్న ట్రోమ్సో నుంచి పిలుపు వచ్చింది. అక్కడి ఆస్పత్రిలో రక్తపరీక్షల గది చూసుకునే పెద్ద ఉద్యోగానికి రమ్మన్నారు. ఉండడానికి చిన్న ఇల్లు కూడా ఇస్తామన్నారు, ఒక్క మనిషికి సరిపోయేది. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై చదువులకి వెళ్ళిపోయారు. వెళితే ఇక వెనక్కి రానని గున్‌వోర్‌కి తెలుసు. అక్కడి పెద్ద నర్సు ఆస్లాగ్ ఫోన్‌లో, "శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పు తల్లీ, నీ తర్వాత ఇంకొకామె కాచుకుని ఉంది" అంది. ఈ సంగతి గున్‌వోర్ ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారమే లాస్ పాల్మాస్ ప్రయాణం. ఇన్నేళ్ళు కూడబెట్టిన పాయింట్లతో మొగుడూ పెళ్ళాం కలిసి ఎండకోసం దక్షిణానికి వెళ్ళడం ఇదే మొదటిసారి. గున్‌వోర్ మనసులో ఒక లెక్క పెట్టుకుంది. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ ఒక హాస్య సినిమాకి వెళ్ళారు. సగంలో మంచు తుఫానుకి కరెంటు పోయి, హాల్లోవాళ్ళంతా నవ్వుకుంటూ బయటికొచ్చేశారు. ఆ చీకట్లోనే టోర్‌గైర్ ఆమె చెయ్యి మొదటిసారి పట్టుకున్నాడు. మిగతా సగం కలిసి చూద్దామని అనుకోవడమే గానీ ఇన్నేళ్ళలో కుదిరి చావలేదు. ఇప్పుడతని టాబ్లెట్‌లో ఆ సినిమా ఎక్కించింది. ఒకే టాబ్లెట్‌కి రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే రెండు పాయల తీగ కొంది. పక్కన కూర్చుని ఆ సినిమా చివరిదాకా చూస్తే చాలు, ట్రోమ్సోకి రానని చెప్పేస్తాను అనుకుంది. ఇంతకంటే తక్కువ ఏ ఆడదైనా ఏం అడుగుతుంది?

ఓస్లోలో విమానం మారాలి. గేటు దగ్గర టోర్‌గైర్ ముందు, గున్‌వోర్ వెనక. అతని టికెట్టు పెట్టగానే యంత్రం కుయ్యిమంది. అక్కడున్న అమ్మాయి తెర చూసి నవ్వి, "శుభవార్తండీ, మీకు ముందు వరసలో సీటు మార్చాం" అని కొత్త కాగితం అందించింది.

"థాంక్స్" అన్నాడు టోర్‌గైర్.

అనేసి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. వారం వారం ఆ కుయ్యిమనే చప్పుడు విని, థాంక్స్ చెప్పి నడిచిపోవడం అలవాటైపోయిన కాళ్ళు, అలాగే నడిచిపోయాయి. టాబ్లెట్ అతని సంచిలోనే ఉంది. గున్‌వోర్ తీగ ఉన్న సంచీ పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడింది. వెనకున్నవాడు, "కదలండమ్మా" అని కసిరాడు.

ఆమెది వెనక వరసల్లో నడిమి సీటు. తమ కోసమని పక్కపక్కన తీసుకున్న రెండింటిలో ఖాళీ అయిన దాన్ని అప్పుడే ఎవరో పెద్దాయనకి ఇచ్చేశారు. కిటికీ దగ్గర ఒకమ్మాయి నోరు తెరిచి నిద్రపోతోంది. వెనక సీటువాడు మేజోళ్ళు విప్పి, బొటనవేలు గున్‌వోర్ మోచేతి పక్కకి తోశాడు. పెద్దాయన ఉడికించిన గుడ్డు వొలిచి, దానిమీద చేపగుడ్ల పేస్టు పిండుకుని చప్పరిస్తున్నాడు. ఆ కంపుకీ ఈ కంపుకీ కలిపి గున్‌వోర్ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. అన్నిటికంటే, ముందు వరసలకి అడ్డంగా వేసిన ఆ పరదాయే ఆమెకి ఎక్కువ కంపు కొట్టింది.

విమానం పైకి లేచాక పరదా కదిలింది. టోర్‌గైర్! గున్‌వోర్ సీటు బెల్టు విప్పేసింది. వచ్చాడు, పోనీలే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది అనుకుంది. అతని దగ్గర వైన్ వాసన వేస్తోంది.

"ఎలా ఉంది ఇక్కడ? కాళ్ళు పడుతున్నాయా?"

"నన్నొదిలేసి అలా ఎలా వెళ్ళిపోయావ్?"

"నేనడిగానా ఏంటి? వాళ్ళే ఇచ్చారు. ఒక్కటే ఉందన్నారు. ఇస్తే వద్దంటారా ఎవరైనా?" అని, గొంతు తగ్గించి, "ఇంతకీ నా ఇయర్‌ఫోన్లు నీ సంచిలో ఉండిపోయాయి. ఇటివ్వు. ఊరికే కూర్చుంటే తోచట్లేదు, ఏదో ఒకటి చూద్దామని."

"ఏం చూస్తావ్?"

"అదే, నువ్వెక్కించావుగా, ఆ కామెడీ."

గున్‌వోర్ సంచిలోంచి తీసి ఇచ్చింది. వాటికి ముందే తగిలించి పెట్టిన రెండు పాయల తీగ కూడా వెంట వచ్చింది. టోర్‌గైర్ దాన్ని ఊడదీసి, "ఇదక్కర్లేదు" అని ఆమె అరచేతిలో పెట్టి, పరదా వెనక్కి వెళ్ళిపోయాడు. ఆమె బెల్టు మళ్ళీ పెట్టుకుంది.

పెద్దాయన వేళ్ళు తుడుచుకుంటూ అంతా చూశాడు. "మీ ఆయనా?"

"అవునండీ."

"పాపం" అన్నాడు. ఎవరి గురించన్నాడో మాత్రం చెప్పలేదు. "నా పేరు ఓడ్‌వార్. నీ చేతిలో అదేంటమ్మాయ్?"

"ఇద్దరు కలిసి వినడానికి."

"మరి చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఎలా వినబడుతుంది? ఇలా పెట్టు."

ఒక పాయకి ఆమె ఇయర్‌ఫోన్లు, ఇంకో పాయకి తనవి తగిలించాడు. అతని పాత టాబ్లెట్‌లో ఒక ఓడ ప్రయాణం ఉంది. ఓడ ముక్కుకి కెమెరా కట్టి, తీరం వెంట ఉత్తరానికి పోతుంటే గంటలకి గంటలు అలా చూపించడమే. కథ లేదు, మాట లేదు. ఇంజను గుడగుడ, సముద్రపక్షుల అరుపులు.

"ఇదేం సినిమా అండీ, ఏమీ జరగదు!"

"జరగదు. కాని ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఒడ్డుకొచ్చి చెయ్యి ఊపుతారు చూడు. వాళ్ళకి మనమెవరో తెలీదు. అయినా చలిలో వచ్చి నిలబడతారు. మా ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరం తిరిగి చెయ్యి ఊపేవాళ్ళం, పిచ్చివాళ్ళలాగా."

చాలాసేపటికి ఓడ ఒక పెద్ద వంతెన కిందికి వచ్చింది. అది ఏ ఊరో గున్‌వోర్‌కి అడగక్కర్లేకపోయింది. ట్రోమ్సో. రేవులో టోపీలు పెట్టుకున్న నలుగురైదుగురు, ఎర్రకోటు వేసుకున్న ఒక లావుపాటి ఆడమనిషి, చేతులు ఊపుతున్నారు. ఓడ్‌వార్ గుడ్డు వాసనొచ్చే చెయ్యెత్తి తెరకేసి ఊపాడు. గున్‌వోర్ కూడా ఊపింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వెనక బొటనవేలుని మాత్రం మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "అబ్బా!" అని వినబడింది. ప్రాణం కాస్త కుదుటపడింది.

లాస్ పాల్మాస్‌లో ముందు వరసలవాళ్ళు ముందు దిగారు. టోర్‌గైర్ విమానం గుమ్మం దగ్గర లేడు, పెట్టెలు వచ్చే చోటా లేడు. సంచీ భుజాన వేసుకుని దిగగానే బయటికి నడిచిపోవడమే అతనికి అలవాటు. గున్‌వోర్ తన పెట్టె కోసం ఒక్కతే నిలబడింది. నిలబడే ఆస్లాగ్‌కి ఫోన్ చేసి, ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

బయట టాక్సీల వరసలో టోర్‌గైర్ చేతులూపుతున్నాడు. అతను ఊపుతున్నది టాక్సీకి.

"ఎక్కడికెళ్ళావు ఇంతసేపు? నీవల్ల రెండు టాక్సీలు వదులుకున్నాను" అన్నాడు ఆమెని చూసి. "అన్నట్టు, ఆ సినిమా అయిపోయింది! చివర్లో కడుపుబ్బ నవ్వించాడు. నీకు దారిలో చెప్తాలే."

"వద్దు" అంది గున్‌వోర్. "ట్రోమ్సో ఆస్పత్రిలో నాకు ఉద్యోగమిచ్చారు. ఇల్లు కూడా ఇచ్చారు. ఒక్క మనిషికే."

టోర్‌గైర్ నవ్వబోయి ఆగిపోయాడు. "ఒక్క మనిషికా? నువ్వేమన్నావ్?"

"నేనడిగానా ఏంటి? వాళ్ళే ఇచ్చారు" అంది గున్‌వోర్, తీగ చుట్టి జేబులో పెట్టుకుంటూ. "ఇస్తే వద్దంటారా ఎవరైనా?"