నలభై మంది అక్కలు

సోమవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పాతమొహాలాయన పళ్ళు తోముకుంటూనే కంప్యూటర్ ఆన్ చేశాడు.

ఆ పేరు మెట్ల మీద పుట్టింది. మూడో అంతస్తులోని ఆ ఇంటికి ఎవరు దారి అడిగినా, కింద కొట్టు పెట్టుకున్న దర్జీ "పాత మొహాలు బాగుచేసే ఆయనేగా? పైకెళ్ళి ఎడమవైపు" అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అది కుదించుకుపోయింది. ఇప్పుడు ఆ పేరు రాసినా ఉత్తరం చేరుతుంది.

పని కూడా పేరులాంటిదే. నీళ్ళలో నానినవి, చెదలు తిన్నవి, పర్సులో పడి మడతల దగ్గర తెల్లబడ్డవి, అలాంటి ఫోటోలను జనం ఒక వెబ్‌సైటు ద్వారా పంపుతారు. ఇతను వాటిలోని మొహాలను తిరిగి నిలబెట్టి పంపుతాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే అన్నం పెట్టింది. మొదట్లో ఒక్కో కనుబొమ్మను వెంట్రుక వెంట్రుకగా గీసేవాడు. ఒక మొహానికి నాలుగు రోజులు పట్టేది. పని పూర్తయ్యాక కాగితం మీద అచ్చుతీసి అమ్మ చేతికిచ్చేవాడు.

అమ్మ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసింది. జ్వరం చూసినట్టే, కుడిచేతి వెనకవైపు ఫోటోలోని నుదుటి మీద ఆనించేది. ఎవరి మొహమైనా ఉన్నది ఉన్నట్టు వస్తే కాగితం వెచ్చబడుతుంది. కొంచెం తేడా వచ్చినా చల్లగానే ఉండిపోతుంది. అది అందరికీ తెలిసిన సంగతే. కాకపోతే అమ్మ చేతికి ఉన్న అలవాటు వేరు. "ముక్కు దగ్గర ఇంకా చల్లగా ఉందిరా" అనేది. అతను వెళ్ళి ముక్కు సరిచేసుకునేవాడు.

తర్వాత కృత్రిమ మేధ వచ్చింది. నాలుగు రోజుల పని నాలుగు నిమిషాలయింది. నాలుగు నిమిషాల పనికి నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? రేటు పదో వంతుకు పడింది. ఆ లోటు పూడ్చడానికి రోజుకు పదిహేను మొహాలు చేయడం మొదలుపెట్టాడు. పదిహేను మొహాలకు సిరా ఎక్కడ తెస్తాడు? అచ్చు తీయడం మానేశాడు. అచ్చు లేకపోతే అమ్మకు చూపించేదేముంది? అదీ మానేశాడు. తెర మీద చూసి, బాగుంది అనుకుని, పంపేసేవాడు.

మూడు నెలల్లో మూడు ఫిర్యాదులు వచ్చాయి. మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే మాట: చాలా అందంగా ఉంది, కానీ మావాళ్ళు కాదు. వెబ్‌సైటు వాళ్ళు మర్యాదగానే రాశారు. నాలుగో ఫిర్యాదు వచ్చినా, చేతిలో ఉన్న ఆర్డరు సోమవారం సాయంత్రం ఆరింటికి అందకపోయినా, ఖాతా మూసేస్తామన్నారు.

చేతిలో ఉన్న ఆర్డరు ఒక్కటే. ఎత్తయిన ఆఫీసు భవనాలకు అద్దాలు తుడిచే ఒకామె పంపింది. అనాథాశ్రమంలో బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడపిల్లల ఫోటో. ఆరేళ్ళది ఆమె, తొమ్మిదేళ్ళది వాళ్ళ అక్క. అక్కను ఎవరో పెంచుకుంటామని తీసుకెళ్ళి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆశ్రమం మూతపడింది, కాగితాలు మిగల్లేదు. అక్క ఇప్పుడు ఎలా ఉంటుందో చేసిస్తే ఊరంతా అంటించుకుంటానని రాసింది. పోలిక కోసం తన ఫోటో కూడా పంపింది.

ఏడు గంటల పది నిమిషాలకు తెర మీద నలభై మంది అక్కలు వరసగా నిలబడ్డారు. ఒకరిని మించిన వారొకరు.

"పదమూడో ఆవిడను పంపేయండి" అంది భార్య, చెప్పుల దుకాణంలో డ్యూటీకి తయారవుతూ వెనక నుంచి తొంగిచూసి. "ఎంత కళగా ఉందో! ఇట్లాంటి అక్కను చూపిస్తే ఎవరైనా రేటింగులో అయిదు చుక్కలూ ఇస్తారు."

"నేనూ అదే అనుకుంటున్నా."

పక్కగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎవర్ని ఎవరికి పంపుతున్నావురా?"

భార్య నవ్వు ఆపుకుంది. "వినపడదు వినపడదు అంటారు గానీ అత్తయ్యకు కావలసినవన్నీ వినపడతాయి."

నాలుగో ఫిర్యాదు భయం ఉండనే ఉంది. అతను పదమూడో ఆవిడను అచ్చుతీసి పట్టుకెళ్ళాడు. అమ్మ చేయి ఆనించి వెంటనే తీసేసింది.

"మార్చురీలోంచి తెచ్చావా ఏంటి?"

ఇంకో మూడు తీశాడు. ఆ తర్వాత అయిదు. అన్నీ అంతే. చివరికి అమ్మే అడిగింది. "ఆ అమ్మాయి సొంత ఫోటో కూడా పంపిందన్నావుగా. అదొకసారి తే."

తెచ్చాడు. బతికున్న మనిషి, మొన్న శనివారం దిగిన ఫోటో. అదీ చల్లగానే ఉంది.

అతను ఆ కాగితాన్ని దీపం కింద పెట్టి చూశాడు. పద్దెనిమిదేళ్ళ అనుభవమున్నవాడు చేయవలసిన పొరపాటు కాదది. ఇప్పుడొచ్చే ఫోన్లు ఎవరూ అడక్కుండానే మొహాన్ని నునుపు చేస్తాయి. మచ్చలు చెరిపి, కళ్ళు పెద్దవి చేసి, దవడ చెక్కి పెడతాయి. తను ఆ దొంగ మొహాన్ని పోలికగా ఇచ్చాడు. మిషను దానికి నలభై మంది అక్కల్ని పుట్టించింది.

ఫోన్ చేశాడు. అవతల గాలి హోరు. ఆమె పదకొండో అంతస్తు బయట ఊయలలాంటి తొట్టిలో నిలబడి ఉంది.

"మీరు పంపింది మీ ఫోటోయేనామ్మా?"

"నాది కాకపోతే మా పక్కింటావిడదా?"

"అది కాదు. ఫోన్ మొహాన్ని మార్చేసింది. నునుపు చేసింది."

"అవునా!" ఆమె ఒక క్షణం ఆగింది. "ఎండలో వేలాడే మనిషిని, నా మొహానికి అంత నునుపు ఎక్కడిదా అని నేనూ అనుకున్నాను. కొత్త ఫోన్ మంచిదని సరిపెట్టుకున్నా."

"ఫోన్‌తో తియ్యని ఫోటో ఏదైనా ఉందా?"

"బస్ పాస్ మీద ఉంది. చూస్తే మీరు భయపడతారు."

ఆ పాస్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. ఫోన్ ఆ ఫోటోను కూడా నునుపు చేసి పంపింది. ఇక మిగిలింది ఒకటే దారి. పాస్ స్వయంగా రావాలి, అతని స్కానర్ మీద పడుకోవాలి. ఆమె డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. రెండు బస్సులు మారాలి.

అద్దాలామె సాయంత్రం అయిదూ ఇరవైకి మెట్లెక్కి వచ్చింది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బలంగా ఉన్నాయి. చేతిలో బకెట్, దాంట్లో తాడు అలాగే ఉన్నాయి. పాస్ మీది ఫోటోలో ఎడమ కనురెప్ప వాలిపోయి ఉంది, కింది పెదవి ఒక పక్కకు లాగినట్టుంది. క్యూలో గంట నిలబెట్టాక తీసిన ఫోటో అని చూడగానే తెలిసిపోతోంది.

అమ్మ వేలు ఆనించింది. "ఆఁ, మనిషంటే ఇదీ." ఆమె వైపు చూసింది. "నీకు నిద్ర చాలట్లేదు కదమ్మా?"

"ఎన్నేళ్ళ నుంచో చాలట్లేదు పెద్దమ్మా."

అయిదూ ముప్పై ఒకటికి మిషను మరో నలభై మందిని ఇచ్చింది. ప్రింటర్ ముసలిది. ఒక్కో కాగితానికి నిమిషం తీసుకుంటుంది. అమ్మ కుర్చీలో కూర్చుంది. కాగితం రావడం, అమ్మ చేయి ఆనించడం, పక్కన పెట్టడం. మొదటి పది చల్లగా ఉన్నాయి. ఇరవై దాటాక "కొంచెం మెరుగు" అంది. అప్పటికి భార్య దుకాణం నుంచి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచి గోడ గడియారం మీదే ఆమె చూపు.

"ఏమండీ, అయిదూ యాభై రెండు."

"తెలుసు."

"ఏదో ఒకటి పంపండి. ఖాతా నిలబడుతుంది. సరైనది దొరికాక ఈమెకు చేత్తో ఇచ్చేయొచ్చు."

అద్దాలామె కూడా అందుకుంది. "పంపించేయండి అన్నయ్యా. నేనేం ఫిర్యాదు చెయ్యను. అయిదు చుక్కలూ పెడతాను. నాకోసం మీ పని పోగొట్టుకుంటారా?"

అతను మౌస్ మీద చేయి వేశాడు. పదమూడో ఆవిడ తెర మీద చిరునవ్వుతో సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు చాలు. నొక్కితే పద్దెనిమిదేళ్ళ పని నిలబడుతుంది.

మూడో ఫిర్యాదు రాసినాయన ఇంకో వాక్యం కూడా రాశాడు. ఆ సంగతి అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "మీ బొమ్మ చూసిన దగ్గర్నుంచి మా నాన్న అసలు మొహం నాకు గుర్తు రావడం లేదు" అని.

"ఒకసారి చూసిందంటే ఈమెకు అదే అక్క అయిపోతుంది" అన్నాడు. "తర్వాత అసలావిడ ఎదురుపడినా పక్కకు తప్పుకుని వెళ్ళిపోతుంది." మౌస్ మీది చేయి తీసేశాడు. తెరను గోడవైపు తిప్పేశాడు.

ప్రింటర్ మూలుగుతూనే ఉంది. ఇరవై తొమ్మిది. ముప్పై. ఆరు గంటలయింది. కంప్యూటర్ చిన్నగా ఒక గంట మోగించి ఊరుకుంది. దానర్థం ముగ్గురికీ తెలుసు. అర్థం కానిది అద్దాలామెకు ఒక్కదానికే, కానీ వాళ్ళ మొహాలు చూసి ఆమెకూ అర్థమైంది.

ముప్పై ఎనిమిదో కాగితం మీద అమ్మ చేయి ఆనించింది. ఈసారి తియ్యలేదు.

"రామ్మా. నువ్వు చూడు."

అద్దాలామె చేయి తుడుచుకుని ముట్టుకుంది. కాగితంలోని మనిషి అందగత్తె కాదు. నలభై ఏళ్ళావిడ. నుదుట ఒక మడత, వాలిన ఎడమ కనురెప్ప, ఎవరితోనో వాదించి అలిసిపోయినట్టున్న నోరు. కాగితం రొట్టెల పొయ్యి పక్కన పెట్టినంత వెచ్చగా ఉంది.

"అక్కా" అంది ఆమె, కాగితంతోనే. "నీకూ నిద్ర చాలట్లేదా?"

అతను మిషను మీద విరుచుకుపడ్డాడు. "ఈ దిక్కుమాలినది రాకముందు..."

"దాన్ని ఎందుకురా తిడతావ్?" అంది అమ్మ. "ఎనభై మందిని కన్నది ఒక్కరోజులో. ఏ తల్లి కంటుంది? నువ్వు ఒంటిచేత్తో గీసి ఉంటే ఈ మనిషిని చూడ్డానికి ఏడాది పట్టేది. అంతకాలం నేనుంటానో ఉండనో." లేచి టవలుతో కంప్యూటర్ మీది దుమ్ము తుడిచింది, స్నానం చేయించిన పిల్లాడిని తుడిచినట్టు. భార్య ఇక ఆగలేక పకపకా నవ్వింది. ఖాతా పోయిన ఇంట్లో అలా నవ్వు వస్తుందని అతను అనుకోలేదు. అయిదు నిమిషాల తర్వాత తనూ నవ్వుతున్నాడు.

ఆ మొహానికి వంద కాపీలు తీసిచ్చాడు. డబ్బు తీసుకోవడానికి వెబ్‌సైటులో దారి మూసుకుపోయింది, చేత్తో తీసుకోవడానికి అతనికి మనసొప్పలేదు. అద్దాలామె వాదించలేదు. బకెట్‌లో నీళ్ళు పట్టుకుని, అమ్మ గదిలోని కిటికీ రెక్కలు తీసి, నడుముకు తాడు కట్టుకుని బయటికి దిగింది. ఆ అద్దం బయటివైపు, ఇల్లు కట్టినప్పటి నుంచీ ఎవరూ తుడవలేదు. ఆమె వెళ్ళిపోయాక అమ్మ చాలాసేపు వీధిని చూస్తూ కూర్చుంది. "ఎదురింటి గోడ పసుపు రంగుదిరా" అంది.

ఖాతా మళ్ళీ తెరుచుకోలేదు. కానీ శుక్రవారం పొద్దున ఒకాయన చేతిలో కాగితంతో పైకి వచ్చాడు. తమ్ముడి మొహం ఇంట్లో తనే మిషనుతో చేయించుకున్నాడట. "చల్లగా ఉందండీ. ఎందుకో తెలియడం లేదు. ఎవరో అద్దాలు తుడిచే ఆమె మీ దగ్గరికి వెళ్ళమంది." శనివారం నలుగురు వచ్చారు. మొహాలు పుట్టించే మిషను ఇప్పుడు ప్రతివాళ్ళ చేతిలోనూ ఉంది, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పేవాళ్ళే లేరు. మరుసటి వారం భార్య చెప్పుల దుకాణం నుంచి ఒక అట్టముక్క తెచ్చి, దాని మీద లావు అక్షరాలతో రాసి తలుపుకు తగిలించింది: "మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా అసహ్యంగా వచ్చిన ఫోటో తెచ్చుకోండి." దర్జీ అది చదివి, తన పెళ్ళి ఫోటో పట్టుకుని వెంటనే పైకి వచ్చాడు.

రోజుకు పదిహేను మొహాలు లేవు. రెండు, ఒక్కోసారి మూడు. అన్నీ అమ్మ చేతి కిందుగా వెళతాయి. సిరా ఖర్చు పోగా ఇల్లు గడుస్తోంది.

కాగితాలు తీసుకెళ్ళిన పంతొమ్మిదో రోజున అద్దాలామె ఫోన్ చేసి చెబితే మిగతాది తెలిసింది. ఆమె అంటించిన వంద కాగితాల్లో ఒకటి ఊరి చివరి బస్ స్టాపులో ఉంది. తెల్లవారక ముందే బస్సు కోసం నిలబడేవాళ్ళు చలికి దాని మీద చేతులు పెట్టి కాచుకోవడం అలవాటు చేసుకున్నారు. బట్టల మిల్లుకు వెళ్ళే ఒకావిడ కూడా అందరితోపాటు వారం రోజులు కాచుకుంది. అన్ని చేతుల కింద మొహం కనపడలేదు. ఎనిమిదో రోజు ఊరికంతటికీ సెలవు, మిల్లుకు మాత్రం లేదు. ఆ పూట స్టాపులో ఆవిడ ఒక్కతే ఉంది. చేయి ఆనించబోయి ఆగింది: కాగితంలో ఉన్నది తన మొహమే.